మ్యూయాన్ల పెట్టె నిజమే చెబుతుంది, దానితో వచ్చిన కరపత్రమే చెప్పదు

విశాఖపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నేను 2024 జనవరిలో 23,500 రూపాయలు పెట్టి ఒక జత మ్యూయాన్ డిటెక్టర్లు తెప్పించుకున్నాను. అంతరిక్షం నుంచి మహా వేగంగా వచ్చే కణాలను కాస్మిక్ కిరణాలు అంటారు, అవి గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణమే మ్యూయాన్, దాన్ని లెక్కపెట్టే పెట్టెలివి. ఒక్కొక్కటి టిఫిన్ డబ్బాలో సగం ఉండే అల్యూమినియం పెట్టె, ముందు చిన్న తెర, వెనక యూఎస్‌బీ సాకెట్టు, వీటికి తోడు నాలుగు పేజీల రంగుల కరపత్రం. పదిహేను నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అమ్మినవారి పేరు చెప్పను. ఇదే డిజైనుతో పలువురు పెట్టెలు తయారు చేస్తున్నారు కాబట్టి, నేను చెప్పబోయే మంచిలోనూ చెడులోనూ చాలా భాగం వాటన్నింటికీ వర్తిస్తుంది. పెట్టెకు అయిదింట నాలుగు మార్కులు వేస్తాను. కరపత్రానికి ఒకటి వేయడానికి కూడా చేయి రాదు.

డిజైను కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఎమ్మైటీ పరిశోధకులు కాస్మిక్ వాచ్ అనే పేరుతో విద్యార్థుల కోసం అందరికీ ఉచితంగా విడుదల చేసినదే. లోపల 5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం గల ప్లాస్టిక్ సింటిలేటర్ పలక ఉంటుంది. విద్యుదావేశం గల కణం దాని గుండా దూసుకుపోతే అందులో అతి స్వల్పమైన నీలి మెరుపు పుడుతుంది. పలకకు అతికించిన సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ ఆ మెరుపును విద్యుత్ స్పందనగా మారుస్తుంది, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు దాన్ని లెక్కపెడుతుంది. విడి భాగాలు కొనుక్కొని సొంతంగా అతుక్కోగలిగితే ఒక్కో పెట్టెకు వంద డాలర్ల ప్రాంతంలో అవుతుందని డిజైను చేసినవారే చెప్పారు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే నా చేయి వణుకుతుంది కనుక తయారైనదే కొన్నాను, అందుకు చింత లేదు.

సముద్ర మట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ చొప్పున పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్కన 25 చదరపు సెంటీమీటర్ల పలక నిమిషానికి పాతిక చూపాలి. పెట్టె తెరిచి మేజా మీద పెట్టగానే తెర మీద నిమిషానికి 70, 75 కనబడ్డాయి. ఇది పెట్టె తప్పు కాదు. గోడల్లోని, నేలలోని సహజ రేడియోధార్మికత నుంచి వచ్చే గామా కిరణాలను కూడా ఒంటరి పెట్టె మ్యూయాన్లతో కలిపి లెక్కేసేస్తుంది. రెండు పెట్టెలను ఒకదానిపై ఒకటి పెట్టి, చిన్న తీగతో కలిపి, రెండింటిలోనూ ఒకేసారి మెరుపు వస్తేనే లెక్కించే ఏర్పాటు చేసినప్పుడు అసలు సంగతి తేలుతుంది. నా దగ్గర రెండు పలకల మధ్య అయిదు సెంటీమీటర్ల ఎడం ఉంది. అప్పుడు నిమిషానికి సగటున ఆరు వచ్చాయి. రెండు పలకలనూ దాటగల దిక్కు నుంచి వచ్చినవే పట్టుబడతాయి కాబట్టి సంఖ్య తగ్గడం సహజం.

ఈ తేడాను పిల్లలకు చూపడానికి భీమిలి తీరం నుంచి ఒక గుడ్డసంచీలో నల్ల ఇసుక తెచ్చాను. ఆ ఇసుకలో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. సంచీ మీద ఒంటరి పెట్టెను పెడితే లెక్క 75 నుంచి 95 దాకా ఎగబాకింది. జత లెక్క మాత్రం ఆరు దగ్గరే నిలబడింది. ఒక విద్యార్థి, "సార్, ఇసుక ఒక పెట్టెను మోసం చేయగలిగింది గానీ రెండింటినీ ఒకేసారి చేయలేకపోయింది" అన్నాడు. కరపత్రంలోని నాలుగు పేజీలకన్నా ఆ ఒక్క వాక్యం నయం. పెట్టె విలువ నాకు ఆ రోజే సగం తిరిగి వచ్చేసింది.

ఇక కరపత్రం. "సుదూర నక్షత్రాల నుంచి నేరుగా మీ బల్ల మీదికి" అని మొదటి పేజీలో, "సౌర తుఫానులను ఇంటి నుంచే గమనించండి" అని చివరి పేజీలో అచ్చు వేశారు. నా తగాదా ప్రధానంగా ఆ "నేరుగా" అన్న మాటతోనే. అది తప్పని తెలిస్తే చివరి పేజీలోని వాగ్దానం ఎందుకు నెరవేరదో కూడా తెలుస్తుంది. కనుక కాస్మిక్ కిరణాల ప్రయాణం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పక తప్పదు.

మన బల్ల మీద పడే మ్యూయాన్ అంతరిక్షం నుంచి రాలేదు. దాని ఆయుర్దాయం సగటున 2.2 మైక్రోసెకన్లు, వాతావరణంలో పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుట్టి, సాపేక్షతా సిద్ధాంతం పుణ్యమా అని కింద దాకా బతికి వస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చినది దాని తాత లాంటి కణం, ఎక్కువగా ప్రోటాన్. ఆ ప్రోటాన్‌కు అంత వేగం ఎక్కడిదన్న ప్రశ్నకు 1949లో ఎన్రికో ఫెర్మి ఒక దారి చూపాడు: కదులుతున్న అయస్కాంత మేఘాలను ఢీకొంటూ పోయే కణం సగటున శక్తిని కూడగట్టుకుంటుంది. అయితే ఆ పద్ధతిలో లాభం మరీ నెమ్మది, ఎందుకంటే మేఘం ఎదురొచ్చినప్పుడు పెరిగే శక్తిలో అధిక భాగం దూరంగా పోతున్న మేఘాన్ని ఢీకొన్నప్పుడు తిరిగి పోతుంది. 1977, 1978 సంవత్సరాల్లో క్రిమ్‌స్కీ, బెల్, ఇయన్ యాక్స్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త బృందం, బ్లాండ్‌ఫర్డ్‌, ఆస్ట్రైకర్‌ల జంట వేర్వేరుగా ఒకే మెరుగైన జవాబుకు చేరుకున్నారు. నక్షత్రం సూపర్నోవాగా పేలినప్పుడు బయలుదేరే షాక్ తరంగానికి ముందున్న వాయువూ వెనకనున్న వాయువూ, తరంగాన్ని దాటే కణం కంటికి, ఎప్పుడూ ఎదురొస్తున్నట్టే ఉంటాయి. బంతిని బౌలరూ బ్యాట్స్‌మనూ ఇద్దరూ బ్యాట్లు పట్టుకొని, ముందుకు నడుస్తూ కొట్టుకుంటున్నారనుకోండి. ప్రతి దెబ్బకూ బంతి వేగం పెరగవలసిందే, తగ్గే అవకాశం లేదు. ఒక్కో దాటుకు దక్కేది కొంచెమే గాని, అయస్కాంత చిక్కుముడులు కణాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి పంపుతాయి. ఐసీ 443, డబ్ల్యూ 44 అనే రెండు సూపర్నోవా అవశేషాల్లో ప్రోటాన్లు ఇలా వేగం పుంజుకుంటున్నాయనడానికి గామా కిరణాల ఆనవాలు దొరికినట్టు ఫెర్మి ఉపగ్రహ బృందం 2013లో ప్రకటించింది.

అలా బయలుదేరిన కణం గెలాక్సీ అయస్కాంత క్షేత్రంలో దారి తప్పి తిరుగుతూ కోటి సంవత్సరాల స్థాయిలో కాలం గడుపుతుంది. ఏ నక్షత్రం నుంచి వచ్చిందో అది మరచిపోయే ఉంటుంది, దాన్ని పట్టుకొని అడిగినా చెప్పలేదు. "నేరుగా" అన్న మాట ఇక్కడే కొట్టుకుపోయింది. అయినా ఇంకా సౌర కుటుంబం గడప కూడా తొక్కలేదు.

సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో సౌర పవనం ఎడతెగకుండా వీస్తుంటుందని 1958లో యూజీన్ పార్కర్ చెప్పాడు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతుంటాడు కాబట్టి ఈ పవనం మోసుకొచ్చే అయస్కాంత రేఖలు, తోటలో తిరిగే నీళ్ల స్ప్రింక్లర్ ధారల్లా, చుట్టలు చుట్టుకుంటాయి. భూమి దగ్గర ఆ రేఖలు సూర్యుడి దిక్కుకు సుమారు 45 డిగ్రీల వంపులో ఉంటాయి. బయటి నుంచి వచ్చే ప్రోటాన్ ఈ గాలికి ఎదురు రావాలి. గోదావరి వరదలో ఎదురీదేవాడి పరిస్థితి అనుకోండి, కాకపోతే ఈదేవాడికి కళ్లకు గంతలు కూడా కట్టారు. ప్రతి అయస్కాంత గజిబిజి దగ్గరా అది దిక్కు మార్చుకుంటుంది, ఇది విసరణం. గాలి దాన్ని వెనక్కి నెడుతుంది, ఇది ప్రవాహపు పని. గాలి వ్యాకోచిస్తున్న కొద్దీ, టైరు నుంచి బయటపడిన గాలి చల్లబడినట్టే, కణం శక్తి కోల్పోతుంది. ఇవి చాలవన్నట్టు క్షేత్రపు వంపుల వెంబడి పక్కకు జారుతుంది. ఈ నాలుగింటినీ కలిపిన సమీకరణాన్ని పార్కర్ 1965లో రాశాడు, నేటికీ ఆ రంగం దాని మీదే నడుస్తోంది. భూమి దగ్గరి క్షేత్రం 5 నానోటెస్లాల స్థాయిలో ఉంటుంది. అందులో 1 గిగావోల్టు రిజిడిటీ, అంటే ఆవేశానికి తగ్గ ద్రవ్యవేగం, ఉన్న ప్రోటాన్ గీసే వృత్తపు వ్యాసార్ధం సుమారు 6.7 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దూరానికి రెట్టింపు కూడా లేదు. సౌర కుటుంబపు కొలతల్లో అది దారి కాదు, గింగిరాలు తిరగడం. వాయేజర్ 1 నౌక 2012 ఆగస్టు 25న భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి దాదాపు 122 రెట్ల దూరంలో ఈ గాలి బుడగ అంచు దాటింది, అప్పుడే గెలాక్సీ కాస్మిక్ కిరణాల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ అంచు నుంచి వెలుతురు పదిహేడు గంటల్లో మన దగ్గరికి వస్తుంది. తక్కువ శక్తి గల ప్రోటాన్‌కు అదే దూరం నెలల తరబడి తిరుగుడు.

సూర్యుడు ఉరకలేసే సంవత్సరాల్లో ఈ ఎదురుగాలి మరీ చిక్కబడుతుంది. సూర్యమచ్చలు పెరిగితే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయని 1954లో ఫోర్బుష్ చూపించాడు. సూర్యుడి అయస్కాంత ధ్రువాలు పదకొండేళ్లకోసారి తారుమారవుతాయి కనుక, కిరణాలు పక్కకు జారే దిశ కూడా మారి, వరుసగా వచ్చే శిఖరాలు ఒకటి బల్లపరుపుగా, మరొకటి మొనదేలి కనిపిస్తాయి. 2009లో సూర్యుడు నిద్రపోయినట్టు మందగించినప్పుడు, నేల మీద కాస్మిక్ కిరణాల తాకిడిని కొలిచే న్యూట్రాన్ మానిటర్లు అంతరిక్ష యుగంలో అప్పటికి ఎన్నడూ లేనంత ఎక్కువ లెక్క చూపాయి.

సూర్యుడు కణాలకు తానే వేగం ఇస్తాడు కూడా, కరపత్రం ఆశ అంతా దాని మీదే. సౌర జ్వాలల దగ్గర కొన్ని, సూర్యుడి నుంచి విసిరివేయబడిన ప్లాస్మా, అంటే ఆవేశం గల కణాల వాయువు, మేఘాల ముందు పరుగెత్తే షాక్ తరంగం దగ్గర అంతకు మించి చాలా, ఆ రెండు బ్యాట్ల ఆట చిన్న స్థాయిలో మళ్లీ జరుగుతుంది. ఆ కణాలు చుట్టలు తిరిగిన అయస్కాంత రేఖల వెంట వస్తాయి కనుక సూర్యుడి పడమటి భాగంలో జరిగే పేలుళ్లే మనకు ముందుగా తగులుతాయి.

వచ్చినవాటికి ఇక మన వాకిట్లో మరో ద్వారపాలకుడు ఉన్నాడు. భూ అయస్కాంత క్షేత్రం ధ్రువాల దగ్గర తలుపులు బార్లా తెరిచి, భూమధ్యరేఖ దగ్గర మూసి ఉంచుతుంది. ఫిన్లాండ్‌లోని ఔలూ న్యూట్రాన్ మానిటర్ కేంద్రం దగ్గర 0.8 గిగావోల్టుల రిజిడిటీ ఉన్న కణమైనా లోపలికి రాగలదు. మన ప్రాంతంలో దాదాపు 17 గిగావోల్టులు ఉంటేనే ప్రవేశం. సౌర పేలుళ్ల నుంచి వచ్చే కణాల్లో అంత శక్తి గలవి అరుదు. అంటే విశాఖ, హైదరాబాద్, తిరుపతిలో కూర్చొని సూర్యుడి కణాలను ఈ పెట్టెతో పట్టుకోవాలనుకోవడం, తలుపు గడియ వేసి అతిథి కోసం ఎదురుచూడటం లాంటిది. ఆ కణాలను మన దేశం చూస్తున్నది శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 మీది పరికరాలతో, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, ఈ ద్వారపాలకుడి పరిధి దాటి నిలబడి.

పరీక్షకు అవకాశం తొందరగానే వచ్చింది. 2024 మే 10, 11 తేదీల్లో ఇరవై ఏళ్లలో చూడనంత పెద్ద భూ అయస్కాంత తుఫాను వచ్చింది. సూర్యుడి మేఘాలు భూమిని చుట్టుముట్టి, గెలాక్సీ కిరణాలను గొడుగులా అడ్డుకున్నాయి. ఔలూ కేంద్రపు లెక్క పది శాతం స్థాయిలో పడిపోయింది. దీన్నే ఫోర్బుష్ తగ్గుదల అంటారు. ఆ లోయ నడుమనే 11వ తేదీన, మన గడియారంలో ఉదయం ఏడు దాటాక, సూర్యుడి కణాలు నేల దాకా వచ్చి ఉత్తర, దక్షిణ కేంద్రాల లెక్కను కొంత పైకి లేపాయి. నాకు 13వ తేదీన పోలింగ్ డ్యూటీ ఉండటంతో రెండు రోజులు ఇంట్లో లేను, పెట్టెలు మాత్రం లెక్కపెడుతూనే ఉన్నాయి. తిరిగి వచ్చి చూస్తే 11వ తేదీ లెక్క సగటు కన్నా 110 తక్కువ. ఎగిరి గంతేయబోయి, మే 7వ తేదీ లెక్క చూశాను. అది 125 తక్కువ! ఆ రోజు సూర్యుడి మేఘమేదీ మనల్ని చుట్టుముట్టలేదు. యాదృచ్ఛికంగా వచ్చేవాటి లెక్క దాని వర్గమూలమంత అటూ ఇటూ ఊగుతుంది, రోజుకు 8,600 మ్యూయాన్లు లెక్కిస్తే వర్గమూలం 93, అంటే ఏ కారణమూ లేకుండానే ఒక శాతానికి పైగా ఊగిసలాట ఉంటుంది. పైగా మన దగ్గర నేల దాకా మ్యూయాన్లను పంపగల ప్రోటాన్ల రిజిడిటీ పదుల గిగావోల్టుల్లో ఉంటుంది, వాటిని సూర్యుడి గొడుగు పెద్దగా ఆపలేదు. లేని సంకేతాన్ని ఉందనిపించుకోవడం ఎంత తేలికో ఆ రెండు తేదీలు నాకు నేర్పాయి.

మన అక్షాంశంలో తుఫానులు అసలు కనిపించవని కాదు. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాలకూ దాదాపు ఇదే 17 గిగావోల్టుల అడ్డంకి ఉంది. అయినా 2015 జూన్ 22న భూ అయస్కాంత కవచం కాసేపు బలహీనపడినప్పుడు రెండు గంటల పాటు పెరిగిన మ్యూయాన్ల సంఖ్యను వారు పట్టుకున్నారు. అక్కడి మ్యూయాన్ డిటెక్టర్ వైశాల్యం 560 చదరపు మీటర్లు, నా పలకకు రెండు లక్షల రెట్లకు పైగా.

పెట్టె నిజాయితీగా చూపగలిగేది మరొకటి ఉంది, దాని గురించి కరపత్రంలో ఒక్క ముక్క లేదు: వాతావరణం. నెత్తి మీది గాలి బరువు తగ్గితే మ్యూయాన్లు ఎక్కువగా కిందికి వస్తాయి. 2024 సెప్టెంబరు 1న వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాలేజీ ల్యాబు నుంచి తెచ్చుకున్న ఎనరాయిడ్ బారోమీటరు మామూలు కన్నా ఎనిమిది మిల్లీబార్లు తక్కువ చూపింది, రోజు లెక్క 140 పెరిగింది. ప్రమాణం చేసి చెప్పలేను, దిశ మాత్రం సరైనదే. అంతకన్నా ధైర్యంగా చెప్పగలిగినది అరకు ఫలితం. సుమారు 900 మీటర్ల ఎత్తున మూడు గంటలు పెట్టి లెక్కిస్తే నిమిషానికి ఏడు వచ్చాయి, ఆరోవంతు పెరుగుదల. బొర్రా గుహల్లో సిబ్బంది అనుమతితో గంటసేపు పెట్టినప్పుడు సగానికన్నా బాగా తక్కువ వచ్చాయి. ఈ రెండూ ఒకే రోజు, ఒకే రైలు ప్రయాణంలో పిల్లలకు చూపించవచ్చు.

ఇప్పుడు లోపాలు. నా రెండో పెట్టెకు మూత సరిగా అతకలేదు. ట్యూబులైటు వేస్తే లెక్క పెరుగుతోంది, ఆర్పితే తగ్గుతోంది. మొదటి వారమంతా దాన్నే గొప్ప ఆవిష్కరణ అనుకున్నాను. చీకట్లో టార్చి వేసి అంచుల వెంట తిప్పితే యూఎస్‌బీ సాకెట్టు పక్కన సందు దొరికింది. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు మూడు చుట్లు వేస్తే సరిపోయింది. అమ్మినవారికి రాస్తే మార్చి ఇస్తామన్నారు, కాని రానూపోనూ కొరియర్ ఖర్చు నాదేనట. మరో లోపం వేడి. సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ స్పందన ఉష్ణోగ్రతతో మారుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో ఒంటరి పెట్టె లెక్క తెల్లవారుజాము లెక్కతో పొంతన లేకుండా పోతుంది. జత లెక్కకు ఈ బాధ తక్కువ.

అన్నిటికన్నా పెద్ద లోపం గడియారం. లోపల అసలైన గడియారమే లేదు. పెట్టెను ఆన్ చేసిన క్షణం నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో మాత్రమే రాస్తుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. మన తీరంలో గాలి పీడనం రోజూ ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువగా ఉంటుంది. సంవత్సరం పాటు లెక్కలను గంటలవారీగా ఒకదానిపై ఒకటి పేర్చితే ఆ లయ మ్యూయాన్లలోనూ కనిపించే అవకాశం ఉండేది. నా దగ్గర సంవత్సరం లెక్కలున్నాయి గాని, ఏ గంట ఏదో చెప్పే ఆధారం సగం ఫైళ్లలో లేదు. 23,500 రూపాయల వస్తువులో కొన్ని వందల రూపాయల గడియారం చిప్పు పెట్టకపోవడం పిసినారితనమే అనిపించింది.

కొనదలచినవారు ఒంటరి పెట్టె మాత్రం కొనవద్దు, అది ఇసుకనూ గోడనూ లెక్కించే పెట్టె అవుతుంది. జత తీసుకోండి, వచ్చిన రోజే టార్చి పరీక్ష చేయండి, ఒక పవర్ బ్యాంకు ఎప్పుడూ తగిలించి ఉంచండి. సౌర తుఫానులు చూడాలన్న కోరిక ఉంటే దానికి డబ్బు ఖర్చు లేదు, ఔలూ కేంద్రం 1964 నుంచి సేకరించిన తన లెక్కలను ఉచితంగా చూపిస్తోంది. మా తరగతి గదిలో ఇప్పుడు ఒక తెర మీద ఔలూ గీత, పక్కనే బల్ల మీద మా పెట్టెలు ఉంటాయి. ఈ ఏడు మా పిల్లలు జతకు ఒక గడియారం చిప్పునూ పీడనం కొలిచే సెన్సారునూ సొంతంగా అతికించారు. సోల్డరింగ్ వాళ్లే చేశారు, నేను దూరంగా నిలబడ్డాను.